ఇల్లు ఖాళీ అయ్యాక మిగిలిన సామాను

సివిల్ కోర్టుల్లో అద్దె వ్యాజ్యాలు నడిపిన ఒక న్యాయవాది స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసం ఇది. అద్దె కేసు అనగానే బాకీ ఎంత, నోటీసు చెల్లుతుందా, ఇల్లు ఓనరుకు నిజంగా అవసరమా అన్న ప్రశ్నలే వాదనలకు ఎక్కుతాయి. తీర్పు వచ్చి, అప్పీళ్ళు తీరి, ఇల్లు చేతులు మారే రోజున గదుల్లో మిగిలిపోయే మంచం, బీరువా, బిందెలు, పిల్లల పుస్తకాల సంగతి ఆ వాదనల్లో ఎక్కడా కనిపించదు. ఈ ఏటి ఉపన్యాసానికి ఆ సామానే అంశం.

డిక్రీ అమలు ఎలా జరుగుతుందో కోర్టు ఆవరణలో తిరిగిన వారందరికీ తెలుసు. ఓనరు ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తారు. కోర్టు వారంట్ ఇస్తుంది. దాన్ని అమలు చేసే కోర్టు ఉద్యోగి, అమీనా, వస్తాడు. తలుపు తీయకపోతే తాళం పగలగొట్టే ఉత్తర్వు తెచ్చుకుంటారు, గొడవ అవుతుందనుకుంటే పోలీసు సాయం అడుగుతారు. వాకిట్లో ట్రాలీ ఆటో సిద్ధంగా ఉంటే సామాను అందులోకి ఎక్కుతుంది, లేకపోతే రోడ్డు పక్కకు చేరుతుంది. కొన్నిసార్లు ఇంట్లో మనుషులే ఉండరు. తాళం తీసి చూస్తే పొయ్యి మీద గిన్నె, దండెం మీద బట్టలు, గూట్లో దేవుడి పటాలు అలాగే ఉంటాయి.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డరు, 35వ రూలు ఈ సందర్భానికి సంబంధించినది. స్వాధీనం ఇవ్వడానికి నిరాకరించినవారిని కోర్టు అధికారి తొలగించవచ్చు. తగిన హెచ్చరిక చేసి, ఆచారరీత్యా నలుగురిలోకి రాని స్త్రీలు ఉంటే వారు పక్కకు వెళ్ళే వీలు కల్పించి, తాళం తీయవచ్చు, గొళ్ళెం ఊడదీయవచ్చు, తలుపు పగలగొట్టవచ్చు. మనిషిని పంపించే తీరు ఇంత వివరంగా చెప్పిన ఆ రూలు, మనిషి వెనక మిగిలిన వస్తువులను ఏం చేయాలో చెప్పలేదు. ఈ లోటు గమనించిన కొన్ని హైకోర్టులు తమ పరిధిలో అదనపు నిబంధన రాసుకున్నాయి. పెద్దమనుషుల సమక్షంలో అధికారి సామాను జాబితా రాయాలి, అందాజు విలువ వేయాలి, వాటిని భద్రంగా ఉంచుతానని ఓనరు నుంచి పూచీ రాయించుకోవాలి, తీసుకెళ్ళమని అద్దెదారుకు గడువు పెట్టి నోటీసు పంపాలి, అప్పటికీ రాకపోతే వేలం వేసి ఖర్చులు పోను మిగిలిన డబ్బు అతనికే ఇవ్వాలి. దేశమంతటా ఉండవలసిన పద్ధతి ఇది.

ఇంటి మీద అద్దెదారు హక్కు తీరిపోయినంత మాత్రాన అతని సామాను మీద హక్కు పోదు. ఆ సామాను ఎవరు, ఎన్నాళ్ళు, ఎవరి ఖర్చుతో కాపాడాలో ముందే రాసి ఉండాలి. అలా రాసి ఉంటే ఓనరుకూ మేలే, అద్దెదారుకూ మేలే. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఇంతే. తక్కినదంతా దానికి ఆధారం.

అద్దె బాకీ ఉంది కాబట్టి సామాను ఆపుకోవచ్చనే నమ్మకం మన ఊళ్ళలో బలంగా ఉంది. “అద్దె కట్టేదాకా సామాను కదలనివ్వను” అనే మాట వినని అద్దె ఇల్లు అరుదు. చట్టం మాత్రం అలా చెప్పదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ ఎదుటివారి వస్తువును బాకీ కింద నిలుపుకునే సాధారణ హక్కు ఎవరికి ఉందో పేర్లు పెట్టి చెప్పింది. బ్యాంకర్లు, ఇతరుల సరుకు అమ్మిపెట్టే ఫ్యాక్టర్లు, రేవు గిడ్డంగులవారు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీ బ్రోకర్లు. ఆ వరుసలో ఇంటి ఓనరు లేరు. తక్కినవారెవరికైనా ఆ హక్కు కావాలంటే ఒప్పందంలో స్పష్టంగా రాసుకుని ఉండాలని అదే సెక్షన్ అంటుంది.

అప్పు వసూలుకు కోర్టే స్వయంగా జప్తుకు దిగినా దాని చేతికి హద్దులున్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం బాకీదారుకు, అతని భార్యాపిల్లలకు అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు జప్తు చేయకూడదు. మతాచారం ప్రకారం స్త్రీ విడిచిపెట్టకూడని నగల జోలికి వెళ్ళకూడదు. చేతిపనివారి పనిముట్లు ముట్టకూడదు. బాకీదారు రైతయితే సేద్యపు పరికరాలు కూడా ఆ రక్షణలోకే వస్తాయి. 62వ సెక్షన్ ప్రకారం వస్తువుల జప్తు కోసం పొద్దుగూకాక, తెల్లవారకముందు నివాసగృహంలో అడుగుపెట్టకూడదు. డిక్రీ చేతిలో ఉన్న, అప్పు ఇచ్చినవాడికే దక్కని వంటపాత్రలను, ఏ ఉత్తర్వూ లేని ఓనరు గదిలో పెట్టి తాళం వేసుకోవడాన్ని ఏ న్యాయమూ సమర్థించదు. దర్జీ కుట్టుమిషను ఆపేస్తే అతను పాత బాకీ తీర్చే దారి కూడా మూసుకుపోతుంది.

అద్దె కోసం సామాను పట్టుకునే హక్కు ఒకప్పుడు ఇంగ్లండులో ఓనర్లకు ఉండేది. అదే ఆలోచనతో 1882 నాటి ప్రెసిడెన్సీ స్మాల్ కాజ్ కోర్టుల చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల కోసం ఒక అధ్యాయం కేటాయించింది. చెన్నపట్నంలో అద్దెకున్న మన పెద్దవాళ్ళకు ఆ చట్టం వర్తించేది. అక్కడ కూడా ఓనరు తానే వెళ్ళి పట్టుకోవడానికి వీల్లేదు. కోర్టుకు దరఖాస్తు పెట్టాలి, కోర్టు మనిషి పగటిపూట వచ్చి జాబితా రాయాలి, ఒంటికి అవసరమైన బట్టలు వదిలేయాలి. ఇంగ్లండు ఈ పాత హక్కును 2014 ఏప్రిల్ 6 నుంచి రద్దు చేసింది. ఇప్పుడు అక్కడ వ్యాపార స్థలాలకు మాత్రమే, అదీ కఠినమైన నిబంధనలతో, అలాంటి వసూలుకు వీలుంది. నివాసగృహంలో వస్తువులను ఓనరు అద్దె కింద పట్టుకోలేడు.

మరి ఓనరు చేతికి వచ్చిపడిన సామానుకు బాధ్యత ఎంత? అద్దె ఇంటి కోసమే రాసిన సెక్షన్ లేకపోయినా దగ్గరి సూత్రాలు ఉన్నాయి. కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం ఇతరుల వస్తువు దొరికి, దాన్ని తన అదుపులోకి తీసుకున్నవారికి, దాచమని అప్పగించిన వస్తువు పుచ్చుకున్నవారికి ఉండే బాధ్యతే ఉంటుంది. ఆ బాధ్యత కొలత 151వ సెక్షన్‌లో ఉంది. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త. వానకు తడిసే మేడ మీద పడేస్తే అది జాగ్రత్త కాదు.

సొంతానికి వాడుకున్నా, పాతసామాను వాళ్ళకు అమ్మి డబ్బు జేబులో వేసుకున్నా విషయం క్రిమినల్ చట్టం దాకా వెళ్ళవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 403వ సెక్షన్, పరాయి వస్తువును దురుద్దేశంతో సొంతం చేసుకోవడాన్ని నేరమంటుంది. సొంతదారుకు తిరిగి ఇచ్చే ఉద్దేశంతో దాచిపెట్టినవారికి దాని వల్ల భయం లేదు. సొంతదారును వెతకడానికి తగిన ప్రయత్నం చేయాలి, కబురు పెట్టాలి, వచ్చి తీసుకోవడానికి తగినంత కాలం వస్తువును ఉంచాలి అని అక్కడి వివరణ చెబుతుంది. తగినంత కాలం అంటే ఎంతో ఆ సెక్షన్ రోజుల్లో చెప్పలేదు. ఓనరుకూ అద్దెదారుకూ తగాదా మొదలయ్యేది అక్కడే.

ఇంతవరకూ కోర్టు గడప ఎక్కిన కేసుల మాట. కోర్టుకు వెళ్ళకుండానే ఇల్లు ఖాళీ చేయించడం మన నగరాల్లో కొత్త కాదు. అద్దెకున్నవాళ్ళు ఊరికి వెళ్ళి వచ్చేసరికి తలుపుకు కొత్త తాళం ఉంటుంది. రెండు నెలల బాకీకి కరెంటు తీసేస్తారు. ఈ దారి చట్టం ఒప్పుకునేది కాదు. గడువు తీరినా సరే, స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టబద్ధమైన మార్గంలో తప్ప తొలగించరాదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణ రామ్ మహాలే కేసులో చెప్పింది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అలా వెళ్ళగొట్టబడినవారు ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి కోరవచ్చు. కానీ లోపల చిక్కుకున్న పిల్ల హాల్‌టికెట్టు, పెద్దాయన ఇన్సులిన్ సీసా ఆరు నెలలు ఆగవు.

2020 మార్చి 25న హైదరాబాదులో జరిగింది తెలుగువారెవరూ మరువలేరు. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు అది. అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉన్న ఉద్యోగార్థులను, చిన్న ఉద్యోగులను చాలాచోట్ల గదులు ఖాళీ చేయమన్నారు. పోలీసు స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం వందల మంది నిలబడ్డారు. ఆ పత్రాలతో ఆంధ్రప్రదేశ్ వైపు బయల్దేరినవారు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. హాస్టళ్ళు మూయవద్దని తెలంగాణ ప్రభుత్వం చెప్పేసరికి చాలామంది దారిలో ఉన్నారు. చేతిలో పట్టినంత బ్యాగుతో వెళ్ళినవారి మిగతా సామాను గదుల్లోనే ఉండిపోయింది. నెలల తరబడి తిరిగి రాలేకపోయారు. ఈలోగా కొన్ని హాస్టళ్ళు మూతపడ్డాయి, భవనాలు చేతులు మారాయి. ట్రంకు పెట్టెలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉన్నవారి ఆందోళన ఎలాంటిదో పోటీపరీక్షలకు చదివిన ప్రతి ఇంటికీ తెలుసు. హాస్టల్ నిర్వాహకుల కష్టమూ నిజమే. వాళ్ళు కూడా చాలామంది భవనాన్ని అద్దెకు తీసుకున్నవారే. సామాను ఎన్నాళ్ళు ఉంచాలో, ఎవరికి చెప్పి తీయాలో ఎక్కడా రాసి లేకపోవడం ఇద్దరినీ ఇబ్బంది పెట్టింది.

ఈ విషయంలో అమెరికా రాష్ట్రాల చట్టాలు చూడదగినవి. డాలస్‌లో, సియాటిల్‌లో, కాలిఫోర్నియా బే ఏరియాలో అద్దెకుండే తెలుగు కుటుంబాలకు, విద్యార్థులకు ఇవి రోజువారీ చట్టాలు కూడా. టెక్సస్‌లో అమలు అధికారి కనీసం 24 గంటల ముందు తలుపు మీద హెచ్చరిక అతికించాలి. సామాను బయట పెట్టవచ్చు గానీ కాలిబాటకూ దారికీ అడ్డంగా పెట్టకూడదు, వాన గానీ మంచు గానీ పడుతున్నప్పుడు పెట్టకూడదు. కఠినమైన చట్టమే అయినా వానలో పరుపు తడవకూడదన్న ఆలోచన అందులో ఉంది.

కాలిఫోర్నియాలో వదిలేసిన సామాను గురించి ఓనరు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. చేతికిస్తే 15 రోజులు, పోస్టులో పంపితే 18 రోజులు గడువు. సామాను విలువ 700 డాలర్లకు తక్కువైతే ఆ తరువాత ఓనరు ఉంచుకోవచ్చు, అమ్మవచ్చు, పారేయవచ్చు. అంతకు మించితే బహిరంగ వేలం వేయాలి. దాచిన ఖర్చు, వేలం ఖర్చు పోను మిగిలింది కౌంటీ ఖజానాకు చేరుతుంది, పాత అద్దెదారు ఏడాదిలోగా వచ్చి అడిగి తీసుకోవచ్చు. దాచినందుకు తగిన ఖర్చు వసూలు చేయవచ్చు గానీ, పాత అద్దె కట్టేదాకా సామాను ఇవ్వననడానికి లేదు.

వాషింగ్టన్ రాష్ట్రపు నిబంధన అన్నిటికంటే మానవీయమైనది. అక్కడ సామాను మొత్తం విలువ 250 డాలర్లు దాటకపోతే నోటీసు ఇచ్చిన ఏడు రోజులకు ఓనరు తీసేయవచ్చు. అయితే వ్యక్తిగత కాగితాలు, కుటుంబ ఫొటోలు, జ్ఞాపకంగా దాచుకున్న వస్తువులు అలా తీసేయకూడదని చట్టమే చెప్పింది. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ కూడా ఇదే దారిలో నడిచింది. మామూలు వస్తువులకు 14 రోజులు, పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం వంటి వ్యక్తిగత పత్రాలకు 90 రోజులు. కెనడాలోని ఒంటారియోలో అమలు అధికారి అయిన షెరీఫ్ ఇల్లు ఖాళీ చేయించాక 72 గంటల పాటు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, సామాను తీసుకెళ్ళే వీలు ఓనరు కల్పించాలి. గడువుల్లో తేడాలున్నా ఈ చట్టాలన్నీ గడువును అంకెల్లో చెప్పాయి. మన చట్టంలో లేనిది ఆ అంకె.

రాసిన చట్టం ఉంటే చాలదని కూడా అమెరికాయే చూపిస్తుంది. సామాజిక శాస్త్రవేత్త మాథ్యూ డెస్మండ్ మిల్వాకీ నగరంలో పేద అద్దెదారుల మధ్య ఉండి రాసిన ‘ఎవిక్టెడ్’ 2016లో వచ్చింది, 2017లో పులిట్జర్ బహుమతి పొందింది. అక్కడ షెరీఫ్ వెంట వచ్చిన మూవర్లు అద్దెదారును అడిగే ప్రశ్న ఒకటే. సామాను ట్రక్కులోకా, రోడ్డు పక్కకా? ట్రక్కులోకంటే అది గోడౌనుకు వెళుతుంది, విడిపించుకోవాలంటే డబ్బు కట్టాలి. అద్దె కట్టలేక రోడ్డున పడ్డ మనిషి గోడౌను రుసుము నెలనెలా ఎలా కడతాడు? అలా వెళ్ళిన సామానులో ఎక్కువ భాగం సొంతదారుకు తిరిగి రాలేదు. కాపాడే ఖర్చు ఎవరు భరించాలన్నది కాపాడే పద్ధతి ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఓనరు పక్షం కూడా న్యాయంగా వినాలి. మన పట్టణాల్లో ఇల్లు అద్దెకిచ్చేవారంతా సంపన్నులు కారు. రిటైరైన టీచరు కింది పోర్షన్ అద్దెతో మందులు కొనుక్కుంటారు. అద్దెదారు బాకీ పెట్టి, ఫోను మార్చేసి, తాళం వేసుకుని వెళ్ళిపోతే ఆమె ఏడాదిపాటు ఆ గది తెరవలేక, వేరేవారికి ఇవ్వలేక, ఇంటి పన్ను కడుతూ కూర్చోవాలి. తాళం తీస్తే “బీరువాలో బంగారం పోయింది” అనే ఆరోపణ రావచ్చు. ఆ భయంతో కొందరు తాళం తీయరు, విసిగి కొందరు అంతా బయటికి విసిరేస్తారు. ఇన్ని రోజుల తరువాత, ఇలా జాబితా రాసి, ఇలా తీయవచ్చు అని చట్టం చెబితే ఆమెకు దారి దొరుకుతుంది.

చట్టం వచ్చేలోగా ఇంట్లోనే చేసుకోగల పని చాలా ఉంది. మన అద్దె ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకు రాస్తారు. ఆ కాగితంలో అడ్వాన్సు, సున్నం ఖర్చు, నీళ్ళ బిల్లు అన్నీ ఉంటాయి. అందులోనే రెండు వాక్యాలు చేర్చాలి. ఒకటి, అద్దెదారు అందుబాటులో లేకపోతే కబురు చేయవలసిన మరో మనిషి పేరు, ఫోను, సొంత ఊరి చిరునామా. రెండు, ఖాళీ అయ్యాక సామాను మిగిలితే ఎన్ని రోజులు ఉంచాలి, ఉంచిన ఖర్చు ఎంత, అది అడ్వాన్సులోంచి మినహాయించుకోవచ్చా అన్నది.

తాళం తీసే రోజున ఇరుగుపొరుగు ఇద్దరిని సాక్షులుగా పిలవాలి. కోర్టు అమలైతే అమీనా సమక్షంలో, కాకపోతే వకీలు సలహాతో, ముందుగా పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేసి తీయాలి. గడపలో అడుగు పెట్టకముందే ఫోనులో వీడియో మొదలుపెట్టాలి. గది గదికీ వేరుగా జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి. బీరువాకు తాళం ఉంటే పగలగొట్టకుండా తాళంతోనే సీలు వేయాలి. కుళ్ళిపోయేవి ఫొటో తీసి పారేయవచ్చు. గ్యాస్ బండ అమ్మడానికి వీల్లేదు. డిపాజిట్ కట్టింది అద్దెదారు, బండ సొంతదారు ఆయిల్ కంపెనీ, కాబట్టి ఏజెన్సీకి చెప్పాలి. బైకు ఉంటే నంబరు రాసి పోలీసులకు తెలపాలి. ఆధార్, పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు, భూమి కాగితాలు, మందుల చీటీలు, ఫొటోలు విడిగా ఒక పెట్టెలో పెట్టాలి. ఆ పెట్టెకు పాత సామాను ధర కట్టినా వంద రూపాయలు రావు, అది పోగొట్టుకున్న మనిషి మళ్ళీ రేషను కార్డు నుంచి మొదలుపెట్టాలి. అద్దెదారు ఒంటరిగా ఉండి మరణించి ఉంటే ఆ సామాను వారసులది. ఎవరో బంధువునంటూ వచ్చిన మొదటి మనిషికి ఇచ్చేయకూడదు.

అధికారులు కట్టడాలు కూల్చే సందర్భాల్లో అద్దెదారు మరీ కనిపించకుండా పోతాడు. నోటీసు స్థలం సొంతదారుకు వెళుతుంది, ఆ సంగతి లోపల కాపురమున్నవారికి తెలియకపోవచ్చు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలపై ఇచ్చిన మార్గదర్శకాల్లో 15 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది. ఆ నోటీసును సొంతదారుకు లేదా నివాసమున్నవారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలని, కట్టడం మీద కూడా అతికించాలని చెప్పింది. గోడ మీద అతికించిన ఆ కాగితమే అద్దెకున్నవారికి సామాను సర్దుకునే వ్యవధి ఇస్తుంది. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాదు పరిసరాల్లో జరిగిన కూల్చివేతలపై విచారణలో, సెలవు రోజుల్లో ఎందుకు కూలుస్తున్నారని తెలంగాణ హైకోర్టు అధికారులను అడిగింది. కోర్టు తలుపులు మూసి ఉన్న రోజున సామాను కాపాడుకునే దారులూ మూసుకుపోతాయి.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి, రాష్ట్రాలు తమ చట్టాలను దానికి తగ్గట్టు మార్చుకోవాలని కోరింది. నివాసగృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదన్న నియమం దానిలోదే. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు అద్దె చట్టాన్ని మార్చేటప్పుడు మిగిలిపోయిన సామానుకు ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చాలి. ఖాళీ చేయించిన ఇంట్లో సామానుకు కనీసం 30 రోజులు, కాగితాలకు, ఫొటోలకు కనీసం 90 రోజులు గడువు ఇవ్వాలి. బాకీ ఉన్నా బట్టలు, వంటపాత్రలు, పనిముట్లు, మందులు, కాగితాలు అడిగిన రోజే ఇచ్చేయాలని రాయాలి. దాచుకోలేని ఓనరు కోసం మండలానికో వార్డుకో ఒక ప్రభుత్వ గోడౌను చూపాలి, పేద అద్దెదారు నుంచి దానికి రుసుము తీసుకోకూడదు. అమీనాలకు అచ్చువేసిన జాబితా ఫారం ఇవ్వాలి.

బార్ అసోసియేషన్లకు ఒక విన్నపం. డిక్రీ అమలుకు పిటిషన్ రాసేటప్పుడే సామాను జాబితాకు, భద్రతకు కూడా ఉత్తర్వు కోరండి. దానికి అదనంగా పట్టేది ఒక పేరా. అద్దెకున్నవారికి ఒక విన్నపం. ఒరిజినల్ పత్రాలన్నీ ఒకే సంచిలో, చేతికందేచోట ఉంచుకోండి, వాటి నకళ్ళు సొంతవాళ్ళ దగ్గర మరోచోట దాచండి. ఇల్లు అద్దెకిచ్చేవారికి ఒక విన్నపం. తాళం తీసే ముందు సాక్షులను పిలవండి, జాబితా రాయండి, కాగితాల పెట్టె విడిగా పెట్టండి, కబురు పంపి ముప్పై రోజులు ఆగండి.